బెజవాడ రేడియో గొంతు ఎక్కడ మసకబారింది?

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. అంతవరకూ కోస్తా తెలుగువాడికి రేడియో అంటే మద్రాసే. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం తన సమయాన్ని తమిళానికీ తెలుగుకీ పంచి ఇవ్వవలసి వచ్చేది. హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉన్నా అక్కడ ఉర్దూదే పెత్తనం. కృష్ణా డెల్టా తన ఊరి గొంతును తన ఊళ్ళోనే పుట్టగా వినడం ఆ డిసెంబరు నుంచే. తరువాతి నాలుగు దశాబ్దాలలో ఆ కేంద్రం నుంచి వినవచ్చిన వారిని తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు, నాటకాలలో నండూరి సుబ్బారావు, ఆదివారం మధ్యాహ్నం భారత రామాయణాలతో ఉషశ్రీ. ఒక్క కప్పు కింద ఇంతమంది పనిచేసిన చోటు తెలుగునాట మరొకటి ఉందేమో నాకు తోచదు.

ఈ గొంతులు ఇప్పుడు మనకు చేరుతున్నది గాలిలోంచి కాదు, తీగలోంచి. అభిమానులు యూట్యూబులో పెట్టినవి కొన్ని, ప్రసార భారతి స్వయంగా వినిపించేవి కొన్ని, 'ఈమాట' వంటి పత్రికలు భద్రపరచినవి కొన్ని. వీటిని దించుకుని దాచుకోవడానికి నేను కొంతకాలంగా ఒక స్క్రిప్టు వాడుతున్నాను. ఇక్కడ స్క్రిప్టు అంటే లిపీ కాదు, రేడియో నాటకపు ప్రతీ కాదు. యంత్రానికి వరుసగా ఇచ్చే ఆజ్ఞల చిట్టా. 'ఆజ్ఞావళి' అందామని ఒక మిత్రుడి సూచన. మాట బాగుంది కాని, దానికంటె ముందు వినబడవలసినది బాగా వినబడాలి గదా! దించుకున్న దస్త్రాలలో సగానికి సగం కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంటాయి. స్క్రిప్టులో లోపమేమోనని వెతకబోతే అది నన్ను 2000ల నుంచి 1980ల దాకా, అక్కడి నుంచి పున్నమ్మతోటలోని స్టూడియో దాకా తీసుకువెళ్ళింది. శబ్దం ఏ మజిలీలో చెడిందో తెలియకుండా దానిని బాగుచేయబూనడం రోగం తెలియని వైద్యం. ఈ వ్యాసం ఆ మజిలీల చరిత్ర.

మొదటి మజిలీ స్టూడియో. టేపు యంత్రాలు వ్యాప్తిలోకి రాకముందు కళాకారులు స్వయంగా వచ్చి మైకు ముందు పాడేవారు. పాట గాలిలో కలిసిపోయేది, అంతే. టేపు వచ్చాక నిలువ చేసే వీలు కలిగింది గాని టేపు ఖరీదైన వస్తువు. చెరిపి మళ్ళీ వాడుకోవడం ప్రపంచంలోని రేడియోలన్నీ చేసిన పనే. లండన్ బీబీసీ తన టెలివిజన్ కార్యక్రమాలను సైతం అలాగే పోగొట్టుకుంది. కాబట్టి కేంద్రంలో మిగిలినవి కొన్నే. మిగిలిన వాటిలో శబ్దం గొప్పగా ఉంటుంది. బాగా అమర్చిన స్టూడియో టేపులో పదిహేను వేల హెర్ట్జుల దాకా స్వరం నిలుస్తుంది. గోపాలరత్నం గారి గమకాలలోని సూక్ష్మాలు, వీణ మీద మీటు పడే చప్పుడు, గాయకుడి ఊపిరి కూడా వినబడతాయి.

కాని డెల్టా వింటున్నది ఆ టేపును కాదు. డెల్టా వింటున్నది మీడియం వేవ్‌ను. విజయవాడ 837 కిలోహెర్ట్జుల మీద పలికేది. మన ప్రాంతంలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జులు. పక్క కేంద్రం చెవిలో దూరకుండా ఉండాలంటే రేడియో పెట్టె దానిలో సగాన్ని, అంటే దాదాపు నాలుగున్నర వేల హెర్ట్జులను మించి వినిపించకూడదు. చౌకరకం ట్రాన్సిస్టర్లు మూడు వేల దగ్గరే కత్తెర వేసేవి. మాట అర్థం కావడానికి అది చాలు. టెలిఫోను కూడా దాదాపు అంతతోనే నడిచింది.

చాలు అన్నాను గాని తెలుగుకు అది పూర్తిగా చాలదు. స, శ, ష అనే మూడు ఊష్మాలను గమనించండి. శకారపు బలం రెండున్నర, నాలుగు వేల మధ్య కూడా బాగా ఉంటుంది. సకారపు బలమంతా అయిదు వేలకు పైనే. మీడియం వేవ్ కత్తెర పడగానే శకారం బతుకుతుంది, సకారం సన్నబడి చిన్న ఊదుగా మారుతుంది. సంస్కృత సమాసాలతో పరుగుతీసే ఉషశ్రీ గారి ఉపన్యాసంలో ఇది ప్రతి వాక్యంలోనూ తగులుతుంది. ఆయన ఉచ్చారణలో ఏ దోషమూ లేకపోయినా పాత క్యాసెట్టు వింటున్న నేటి కుర్రవాడికి సకారాలు అరిగిపోయినట్టుంటాయి. అరిగినవి అక్షరాలు కావు, ప్రసారపు అంచులు.

రెండవ మజిలీ ఇంట్లోని టేపురికార్డరు. 1970ల చివర, 80లలో గల్ఫు నుంచీ సింగపూరు నుంచీ రేడియో, క్యాసెట్టు రెండూ కలిసి ఉన్న పెట్టెలు ఊళ్ళకు వచ్చాయి. శ్రోత చేతికి మొదటిసారి దాచుకునే శక్తి వచ్చింది. కేంద్రంలో చెరిగిపోయినవి తెనాలిలోనో గుడివాడలోనో బీరువాలో మిగలడానికి కారణం ఇదే. మన రేడియో చరిత్రలో ఒక మంచి భాగానికి గ్రంథాలయాధికారులు పేరులేని శ్రోతలే అంటే అతిశయోక్తి కాదు.

ఈ పెట్టెలకు ఒక గుణం ఉండేది. శబ్దం హెచ్చితే తగ్గించి, తగ్గితే హెచ్చించి వాటంతట అవే సరిచూసుకునేవి. వాడేవాడికి సుఖం. ఉషశ్రీ గారు వాక్యం ముగించి ఆగిన చోట, ఆ విరామం కూడా కథలో భాగమైన చోట, పెట్టె తొందరపడి గరగరను పైకి ఎత్తేది. ఆయన మళ్ళీ నోరు తెరవగానే దించేది. అందుకే ఆ రికార్డులలో నిశ్శబ్దం ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతుంది. ఇది ఏ స్క్రిప్టు చేసిన దోషమూ కాదు, నలభై ఏళ్ళ కిందట టేపు మీదే పడిన ముద్ర.

మూడవ మజిలీ కంప్యూటరు. 1995లో రియల్ ఆడియో వచ్చింది. టెలిఫోను తీగ మీద సెకనుకు 14.4 కిలోబిట్ల వేగంతో శబ్దం పంపడం ఆనాటికి అద్భుతమే. మీడియం వేవ్ నాణ్యత అని దాని యజమానులే చెప్పుకునేవారు. ఆపైన ఎంపీ3. అమెరికాలో ఉన్న తెలుగువారు సెలవులకు ఇంటికి వచ్చి, నాన్నగారి క్యాసెట్లను పట్టుకుపోయి, గంట పాటను కొద్ది మెగాబైట్లకు కుదించి తమ గూళ్ళలో పెట్టిన కాలం అది. స్థలం లేదు, వేగం లేదు. కుదించక గత్యంతరం లేదు. తరువాత ఆ ఎంపీ3నే ఒక ఫోటో జతచేసి యూట్యూబులో పెట్టారు. యూట్యూబు దానిని విప్పి తన పద్ధతిలో మళ్ళీ కుదించింది. కొందరు దానిని దించుకుని మళ్ళీ ఎంపీ3గా మార్చి పంచారు. కుదించిన ప్రతిసారీ చెవికి పట్టదని యంత్రం అనుకున్నది పోతుంది. ఒకసారి పోయినది రాదు. అందుకే 64 కిలోబిట్ల దస్త్రాన్ని 320గా మార్చి 'హై క్వాలిటీ' అని పేరు పెట్టేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. పలుచటి మజ్జిగను పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవుతుందా?

ఈ పొరలను కంటితో చూడవచ్చు. ఆడాసిటీ వంటి ఉపకరణంలో వర్ణపటం తెరిస్తే కింద మంద్రం, పైన తారం వరుసగా కనబడతాయి. నాలుగున్నర వేల దగ్గర చీకటి మొదలైతే అది మీడియం వేవ్. పదకొండు వేల దగ్గర గీత గీసినట్టు తెగితే ఎవరో ఎప్పుడో 22 కిలోహెర్ట్జుల నమూనాతో దాచారు. పదహారు వేల దగ్గర తెగితే అది 128 కిలోబిట్ల నాటి అలవాటు. భట్టిప్రోలు దిబ్బ తవ్విన వారు ఇటుకల కొలతను బట్టి కాలం చెప్పినట్టే ఇదీ.

ఇప్పుడు స్క్రిప్టుల మాట. యూట్యూబు కోసం యూట్యూబ్-డీఎల్ 2006లో పుట్టింది. బీబీసీ 2007 డిసెంబరులో తన ఐప్లేయరును ప్రజల ముందు పెట్టగా, ఏడాది తిరిగేసరికి గెట్-ఐప్లేయర్ అనే స్క్రిప్టు వచ్చింది. 2020 అక్టోబరులో అమెరికా సంగీత కంపెనీల సంఘం ఫిర్యాదుతో యూట్యూబ్-డీఎల్‌ను గిట్‌హబ్ తొలగించి, మరుసటి నెలలో తిరిగి పెట్టింది. దాని వారసుడు వైటీ-డీఎల్‌పీ. ఇవన్నీ చేసేది ఒక్కటే. ముక్కలు ముక్కలుగా వచ్చే ప్రవాహాన్ని పట్టి, వరుసలో పేర్చి, ఒక దస్త్రంగా కట్టడం. కట్టే పని ఎక్కువగా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ది. ఇది 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన పుణ్యం.

దించుకోవడం న్యాయమా అనే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. మన కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రసారాన్ని సొంత వినికిడికీ, నిజమైన బోధనకూ పరిశోధనకూ రికార్డు చేసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. దాచుకోవడం వేరు, తిరిగి పంచడం వేరు. ఆయా వేదికల షరతులు ఇంకొక సంగతి. ఇంతకుమించి లోతుకు పోను.

స్క్రిప్టు దగ్గరే శబ్దం చెడే సందర్భాలు నిజంగా కొన్ని ఉన్నాయి. వాటిలో అతి సామాన్యమైనది ఇది. తక్కువ వేగపు ప్రవాహాలు హెచ్ఈ-ఏఏసీ అనే పద్ధతిలో వస్తాయి. అందులో కిందిసగం శబ్దాన్ని మాత్రమే నిజంగా పంపి, పైసగాన్ని ఎలా అల్లుకోవాలో చిన్న సూచనలు జతచేస్తారు. కొన్ని ప్రవాహాలలో ఈ సూచనలు ఉన్నాయన్న సంగతి తలకట్టులో రాసి ఉండదు, లోపల చూసి గ్రహించాలి. గ్రహించలేని ఉపకరణం కిందిసగాన్నే అసలు పాట అనుకుంటుంది. ఫలితం మనకు తెలిసిన కుండ గొంతు. ఎఫ్ఎఫ్‌ప్రోబుతో చూస్తే నమూనా వేగం 44,100 ఉండవలసిన చోట 22,050 కనబడుతుంది. ఇది దొరికితే పండగే, ఎందుకంటే పోయిందనుకున్నది దస్త్రంలోనే ఉంది. దానిని మరొక రూపంలోకి మార్చకుండా, సూచనలు తెలిసిన వాయిద్యకంతో వింటే సకారాలు తిరిగి వస్తాయి. ఎఫ్ఎం ప్రసారం నుంచి వచ్చిన దస్త్రాలకు ఇది నిజం. మీడియం వేవ్ క్యాసెట్టుకు పైసగమే లేదు కనుక అల్లుకున్నా వచ్చేది గరగరే.

యూట్యూబు విషయంలో ఇంకా తేలిక. ఒకే కార్యక్రమానికి అక్కడ నాలుగైదు శబ్దరూపాలు ఉంటాయి. 139 అనే సంఖ్య గలది 48 కిలోబిట్ల హెచ్ఈ-ఏఏసీ, 140 గలది 128 కిలోబిట్ల ఏఏసీ, 251 గలది ఓపస్. ఏమీ అడగకపోతే స్క్రిప్టు మంచిదాన్నే తెస్తుంది. 'ఎంపీ3 కావాలి' అని మనం అడగగానే మంచిదాన్ని తెచ్చి, విప్పి, మళ్ళీ కుదిస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టుగా ఉంచమనడమే నా స్క్రిప్టులోని ప్రధానమైన ఆజ్ఞ.

మరొక వింత ఉంది. ఇయర్‌ఫోనులో చక్కగా వినబడే పాట, ఒకే స్పీకరున్న ఫోనులో పెడితే గాయకుడు మాయమై వెనక గుసగుసలు మాత్రం మిగులుతాయి. క్యాసెట్టును కంప్యూటరుకు కలిపిన తీగ ఎక్కడో తిరగబడి, కుడిఎడమలు ఒకదానికొకటి వ్యతిరేకంగా పడ్డాయన్నమాట. రెండూ కలపగానే కొట్టుకుపోతాయి. అన్నిటినీ ఏకశ్రవణంగా మార్చి స్థలం మిగుల్చుకునే స్క్రిప్టు ఇక్కడ పాటనే చంపుతుంది. మీడియం వేవ్ ఎలాగూ ఏకశ్రవణమే కనుక రెండిటినీ కలపక, మంచిగా ఉన్న ఒక్క వైపును ఎంచుకోవడం మేలు. టేపు తల కొద్దిగా వాలి ఉన్న యంత్రం నుంచి వచ్చిన వాటికీ ఇదే మందు. వాటిలో రెండు వైపులూ కలిపితే తారస్థాయి మొద్దుబారుతుంది.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా పట్టి ఉంచింది శ్రుతి సమస్య. ఓలేటి వారి 'సంగీత శిక్షణ' పాఠాలనే తీసుకోండి. ఉపన్యాసం మూడు శాతం వేగంగా నడిచినా ఎవరికీ తెలియదు. సంగీత పాఠం అలా నడిస్తే శ్రుతి అర స్వరస్థానం పైకి పోతుంది. విద్యార్థి తంబురా వేసుకుని కూర్చుంటే పొసగదు. టేపు ఏ వేగంతో తిరిగిందో ఇప్పుడెలా తెలుస్తుంది? కరెంటు మోత ఉంది. మన విద్యుత్తు 50 హెర్ట్జులు. దాని మోత, దాని రెట్టింపు, ప్రతి పాత రికార్డులోనూ వర్ణపటం అడుగున సన్నటి గీతగా కనబడతాయి. ఆ గీత 100 దగ్గర కాక 103 దగ్గర ఉంటే టేపు మూడు శాతం వేగంగా తిరిగిందని లెక్క. తరచు రెండు గీతలు ఉంటాయి. ఒకటి రికార్డు చేసిన నాటి మోత, రెండవది కంప్యూటరుకు ఎక్కించిన నాటిది. మన దేశంలో ఎక్కించినదైతే రెండవది సాధారణంగా 100 దగ్గరే ఉంటుంది కనుక గుర్తుపట్టడం సులభం.

అయితే ఈ కొలబద్దకు దక్షిణాదిలో ఒక చిక్కు ఉంది. 2003 జనవరిలో దక్షిణ ప్రాంతంలో లభ్యతను బట్టి సుంకం విధించే పద్ధతి అమలయ్యేదాకా మన గ్రిడ్డులో 50 హెర్ట్జులన్నది చాలాసార్లు కాగితం మీది మాటే. వాడకం హెచ్చి ఉత్పత్తి చాలని వేళల్లో 48.5కు కూడా దిగేది. ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ కేంద్రపు మొదటి యూనిట్ 1979లో వచ్చినా కొరత తీరలేదు. కాబట్టి గీత 97 దగ్గర ఉంటే టేపు మెల్లగా తిరిగిందో, ఆ సాయంత్రం గ్రిడ్డే నీరసించిందో చెప్పలేం. 103 దగ్గర ఉంటే మాత్రం అనుమానం లేదు, గ్రిడ్డు అంత పైకి పోదు. ఇక్కడ ఆదుకునేది ఆకాశవాణి సంకేత స్వరం. వాల్టర్ కౌఫ్‌మన్ 1930లలో కట్టిన ఆ బాణీ దశాబ్దాలుగా అదే రికార్డు. క్యాసెట్టులో పొద్దుటి ప్రసారపు ఆరంభం నాలుగు సెకన్లు ఉన్నా చాలు, మంచి ప్రతితో పోల్చి వేగం కట్టవచ్చు.

దూరదర్శన్ నుంచి వచ్చిన సినిమా పాటలది మరొక కథ. సినిమా సెకనుకు 24 చట్రాలతో నడుస్తుంది, మన టెలివిజన్ 25తో. సాధారణంగా చేసే పని సినిమానే 25 వేగంతో తిప్పడం. ఘంటసాల పాట సుమారు నాలుగు శాతం వేగం పుంజుకుని, ముప్పాతిక స్వరస్థానానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఆ గంభీర కంఠం టీవీ నుంచి పట్టిన రికార్డులో కొంత పలచబడి వినిపించడానికి ఇది ఒక కారణం. దిద్దేటప్పుడు ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లోని ఎటెంపో ఆజ్ఞ పనికిరాదు, అది శ్రుతిని కదపకుండా వేగాన్ని మాత్రమే మారుస్తుంది. రెండూ కలిసి దిగాలి. దానికి ఎసెట్‌రేట్ ఉంది.

ఇక శుభ్రపరచడం. గరగరను తీసివేసే యంత్రాలు ఇప్పుడు ఒక మీటతో దొరుకుతాయి. నా అభిప్రాయం కఠినంగా ఉంటే మన్నించాలి. మన సంగీతం మీద వీటిని గుడ్డిగా ప్రయోగించడం హత్యతో సమానం. మారకుండా నిలకడగా ఉండేదే రొద అని వాటి సిద్ధాంతం. మరి తంబురా చేసేదేమిటి? ఫోను సంభాషణల కోసం తయారైన వడపోతలు మాటను ఉంచి తక్కినదంతా తీసేస్తాయి. భక్తిరంజని కీర్తన వాటిలో వేస్తే శ్రుతి ఆగి ఆగి వస్తుంది, మృదంగం చాపు నీళ్ళలో పడ్డట్టవుతుంది. మీడియం వేవ్ కత్తెరకు సగం తెగి బతికిన సకారాలను రొద అనుకుని మిగతా సగం ఇవి తింటాయి. అసలు ప్రతిని విడిగా ఉంచి ఎవరికి నచ్చినట్టు వారు కడుక్కుంటే అభ్యంతరం లేదు. కడిగినదే లోకంలో మిగిలి, అసలుది చెరిపివేయబడుతున్నదే నా బాధ. టేపు కొరతతో రేడియో చేసిన పనిని, చోటుకు ఏ కొరతా లేని మనం మళ్ళీ చేస్తున్నాం. 64 కిలోబిట్ల ప్రవాహం గంటకు 28.8 మెగాబైట్లు. వెయ్యి గంటలు ముప్పై గిగాబైట్లు కూడా కావు.

శబ్దంతో పాటు పోతున్నది ఇంకొకటి ఉంది. కార్యక్రమానికి ముందు అనౌన్సరు చెప్పే రెండు వాక్యాలు, వెనక సంకేత స్వరం, చివరలో సమయం చెప్పడం. వీటిని చెత్తగా ఎంచి కత్తిరించి, పాటను మాత్రం ఎక్కించడం రివాజయింది. పాడినవారు, రాసినవారు, స్వరపరచినవారు, పక్కవాయిద్యాలు ఎవరో ఆ రెండు వాక్యాలలోనే ఉన్నాయి. అవి లేని దస్త్రానికి తేదీ ఏదీ? స్క్రిప్టు రాసుకునే తేదీ యూట్యూబులో ఎక్కించిన నాటిది, ప్రసారమైన నాటిది కాదు. 'ఈ గొంతు ఎవరిది, ఈ బాణీ ఎవరిది' అని అడిగితే చెప్పగల రజనీకాంతరావు గారు 2018 ఏప్రిల్‌లో విజయవాడలోనే వెళ్ళిపోయారు. బాలమురళి అంతకు రెండేళ్ళ ముందే. 1990లో ఉషశ్రీ గారు, 1993లో గోపాలరత్నం గారు.

నా స్క్రిప్టు ఇప్పుడు దించిన ప్రతి దస్త్రం పక్కన ఒక చిన్న పాఠం రాస్తుంది. ఎక్కడిది, ఎవరు ఎప్పుడు ఎక్కించారు, ఏ శబ్దరూపం, నమూనా వేగం ఎంత, ఎక్కించినవారు రాసిన వివరం యథాతథంగా. అనౌన్సరు మాటలు ఉంటే విని నేనే టైపు చేస్తాను. ఆ పని యంత్రానికి ఇంకా అప్పగించలేదు. తెనాలి, రేపల్లె, గుడివాడ, బందరులలో అటకల మీద క్యాసెట్లున్న మిత్రులకు ఒక విన్నపం. వాడే యంత్రపు తలను స్పిరిటుతో తుడిచి, తల పక్కనున్న చిన్న మరను సకారం బాగా పలికేదాకా కొంచెం అటూఇటూ తిప్పి, అప్పుడు ఎక్కించండి. కుదించని రూపంలో, రెండు వైపులూ, మొదటి గరగర నుంచి చివరి టక్ దాకా. అట్ట మీద నాన్నగారో తాతగారో పెన్సిలుతో రాసిన తేదీ ఉంటే దానికి కూడా ఒక ఫోటో తీయండి.